అడగడం రాని అత్తయ్య

“మూడూ కలిపి ఎనభై వేలక్కా! అదీ మీ మొహం చూసి ఇస్తున్నా...” అన్నాడు పాత మిషన్ల వ్యాపారి, పెద్ద మోటారు మిషన్ చక్రాన్ని ఒక్క వేలితో గిర్రున తిప్పుతూ.

“సరే,” అన్నారు అత్తగారు.

అంతే! ఇంకో అయిదు వేలు వెయ్యమనలేదు, నన్ను నిలువునా ముంచుతున్నావయ్యా అనలేదు, ఆలోచించి చెబుతానని కూడా అనలేదు. వంటింటి గుమ్మంలోకి మూడు టీ గ్లాసులతో వచ్చిన కొత్తకోడలు అక్కడే నిలబడిపోయింది. ముందుగదిలో ఆ మూడు మిషన్లూ లేకుండా అసలు ఆ ఇల్లేమిటి? పెళ్ళయి మూడు నెలలు... ఈ మూడు నెలల్లో ఆమెకి రోజూ మెలకువ వచ్చేది ఆ మిషన్ చప్పుడుకే! కళ్ళు తెరవకుండానే ‘ఇది పొడుగు కుట్టు, ఇది అంచు, అదిగో ఇప్పుడు అత్తయ్య దారం తెంపారు’ అని పోల్చుకోవడం ఆమెకో ఆట. పక్కనే భర్త గుర్రు, అవతల మిషన్ టకటక, తలగడ మీద ఎండపొడ... ఇంతకంటే సంగీతం ఉంటుందా లోకంలో అనుకుని మురిసిపోయేది పిచ్చిపిల్ల!

“సాయంత్రం అయిదింటికి బండి తెస్తా,” అని టీ ఒక్క గుక్కలో తాగేసి వెళ్ళిపోయాడు వ్యాపారి.

“ఎందుకత్తయ్యా?” అంది కోడలు.

ఆ ఇంట్లో ఆమె పేరే అది. ‘ఎందుకమ్మ’! పెళ్ళయిన వారానికే భర్త తగిలించాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఆయన. తలుపు ఎందుకు మూసుకుంటుంది, తాడు తెగితే ఎందుకు పడిపోదు, అద్దం ఎందుకు పెడతారు అని రాత్రీపగలూ అడిగి అడిగి ఆయన్ని ఊపిరి తీసుకోనిచ్చేది కాదు మరి!

“కళ్ళు కనబడ్డం లేదమ్మడూ. వయసు మీద పడింది. ఇంకెన్నాళ్ళు కుడతాను?” అన్నారు అత్తగారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

“కళ్ళు కనబడకుండానే ఇప్పుడు ఒక్క పోటుకి దారం ఎక్కించారా?”

అత్తగారి చెయ్యి ఆగిపోయింది. ఆవిడ సూదివంక చూశారు, కోడలివంక చూశారు. ఫక్కున నవ్వారు! ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో పగిలింది... చూస్తూండగానే మెడలో వేలాడుతున్న కొలతల టేపుతోనే కళ్ళు ఒత్తుకోవడం మొదలుపెట్టారు. పదిహేనేళ్ళ క్రితం భర్త పోయిననాడు తప్ప ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు లేరని చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. అలాంటి మనిషి!

“నువ్వు మావాడికి చెప్పనని మాటివ్వాలి.”

“చెప్పను అత్తయ్యా. ఒట్టు.”

కత్తిరింపు బల్ల సొరుగులోంచి, యూనిఫారాల కాగితపు నమూనాల అడుగునుంచి, ఒక లావుపాటి కవరు బయటికి వచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లులు! నెల వారీగా, అంచులు సమంగా సర్ది, మూలన బొత్తాం పెట్టి కుట్టేసి ఉన్నాయి.

నాలుగేళ్ళ క్రితం లిఫ్టు గుంటలో నిచ్చెన జారి ఆయన కాలు రెండుచోట్ల విరిగింది. ఆ సంగతి కోడలికి తెలుసు. మోకాలి కింద పొడుగాటి మచ్చ, వాన ముసురుకుంటే సన్నగా కుంటే నడక... అన్నీ తెలుసు. ఆసుపత్రి ఖర్చంతా కంపెనీయే పెట్టుకుందని కూడా తెలుసు. ఆయన చెప్పని రోజుంటే కదా! ‘మా మేనేజరు దేవుడు. నా కాలు నిలబెట్టిన కంపెనీ’ అంటూ ఆదివారాలు కూడా ఊరికే పనికి పోయేవాడు. వేరే కంపెనీ వాళ్ళు జీతం ఎక్కువిస్తామని రెండుసార్లు పిలిస్తే, ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టనండీ’ అని ఫోన్ పెట్టేశాడు.

“కంపెనీ ఏమీ కట్టలేదమ్మా,” అన్నారు అత్తగారు తలవంచుకుని. “కాంట్రాక్టు పనివాళ్ళకి వర్తించదన్నారు. లక్షన్నర... ఈ కార్డు మీద కట్టాను. వాడికి నిజం చెబితే పిండికట్టుతోనే నిచ్చెన ఎక్కేవాడు. వాడి సంగతి నీకు తెలీదు! అందుకని కంపెనీ కట్టిందని చెప్పాను. నెలనెలా నా కుట్టు డబ్బుల్లోంచి వాయిదా కడుతున్నాను. ఒక్క నెల, ఒక్క రోజు తప్పలేదు. ఇప్పుడు ఆ స్కూలువాళ్ళు రెడీమేడ్ యూనిఫారాలు తెప్పించుకుంటున్నారు. వచ్చే నెల నుంచి వాయిదా కడితే చేతిలో ఏమీ మిగలదు... ఈ మిషన్లు ఎనభై వేలు, బీరువాలో పన్నెండున్నాయి. ఒక్కసారిగా తీర్చేసి, రెడీమేడ్ ఫ్యాక్టరీలో కాజాలు కుట్టడానికి చేరతాను. మాట్లాడేశాను కూడా.”

యాభై ఎనిమిదేళ్ళ వయసులో! సొంత బల్ల ముందు రాణిలా కూర్చున్న మనిషి, ఇప్పుడు పోయి వరసలో నూట పన్నెండో కుర్చీలో కూర్చుని, గంటకిన్ని కాజాలని లెక్క అప్పజెప్పాలా! కోడలికి కళ్ళు చెమర్చాయి. కానీ ఏడుపు రావాల్సిన చోట ఆమెకి ముందు ప్రశ్న వస్తుంది. అది పుట్టుకతో వచ్చిన జబ్బు.

“నాలుగేళ్ళు కట్టాక ఇంకా తొంభై రెండు వేలు ఎందుకుంది అత్తయ్యా?”

“అంటే... వాయిదాలు ఇంకా అవలేదు కదా.”

“ఎన్ని వాయిదాలు?”

అత్తగారు నీళ్ళు నమిలారు. ఎన్నో ఆవిడకి తెలియదు! బిల్లు మీద ‘కనీసం చెల్లించవలసినది’ అని ఉంటే, అదే నెల వాయిదా అనుకున్నారు. కనీసం అంటే అంతకంటే ఎక్కువ కూడా కట్టవచ్చని, అది మాత్రమే కడుతూ పోతే బ్యాంకుకి పండగేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి!

కోడలు సుద్దముక్క తీసుకుంది. కత్తిరింపు బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీదే లెక్క వేసింది. ఈ నెల కట్టింది నాలుగు వేల నూట డెబ్భై. అందులో వడ్డీ మూడు వేల రెండు వందల నలభై. అసలులో తగ్గింది తొమ్మిది వందల ముప్ఫై! నెలకి నూటికి మూడున్నర వడ్డీ. నాలుగేళ్ళలో మొత్తం కట్టినది... రెండుసార్లు కూడింది, నమ్మలేక మూడోసారి కూడింది.

“రెండున్నర లక్షలు దాటింది అత్తయ్యా...”

అత్తగారు ఆ సుద్ద అంకెల్ని వేలితో ముట్టుకున్నారు. పొరపాటున కత్తిరించేసిన గుడ్డని చూసినట్టు చూశారు. “చిల్లుకుండలో నీళ్ళు పోశానన్నమాట,” అన్నారు మెల్లగా. ఎన్ని గౌన్లు, ఎన్ని కర్టెన్లు, ఎన్ని వందల కాజాలు... అన్నీ ఆ చిల్లులోంచే పోయాయి కాబోలు!

“ఫోన్ చేసి వడ్డీ తగ్గించమని అడుగుదాం.”

“ఛీ!” అన్నారు అత్తగారు. “నేనా? తగ్గించమని అడగడమా?”

అక్కడే ఉంది అసలు చిక్కంతా! ముప్ఫై ఏళ్ళుగా ఆ ముందుగదిలో ఒకటే మాట, ఒకటే రేటు. ‘కాస్త చూసి తీసుకోండి’ అన్నవాళ్ళ గుడ్డ మడతపెట్టి వాళ్ళ చేతికే ఇచ్చేసేవారు అత్తగారు. తను ఎవరికీ తగ్గించరు కనుక, తనకీ ఎవరూ తగ్గించనక్కర్లేదనేది ఆవిడ న్యాయం. కూరల బండి దగ్గరా అంతే, ఆసుపత్రిలోనూ అంతే. పొద్దున ఆ వ్యాపారి దగ్గరా అంతే అయింది!

“అడగందే అమ్మైనా అన్నం పెట్టదత్తయ్యా!”

“మరి నేను అడక్కుండానే పెట్టానే!” అన్నారు ఆవిడ రోషంగా.

కోడలు సుద్దముక్కతో గుడ్డ మీద అటూ ఇటూ గీతలు గీసింది. తర్వాత, ఊరికే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

“అత్తయ్యా, లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఎన్నేళ్ళుగా వస్తున్నారు మీ దగ్గరికి?”

“ఇరవై ఏళ్ళు. ఏడాదికి రెండుసార్లు జాకెట్లు కుట్టించుకుంటుంది. డబ్బు ముందే ఇస్తుంది. బంగారం లాంటి మనిషి.”

“ఆవిడ ఒకరోజు వచ్చి, ‘ఈసారి చేతిలో తక్కువుంది, కాస్త తగ్గిస్తారా?’ అంటే ఏం చేస్తారు?”

అత్తగారు కిటికీలోంచి బయటికి చూశారు. “ఆవిడ ఎప్పుడూ అడగలేదు.”

“అడిగితే?”

“అడిగితే... తగ్గించనూ? ఆవిడకి కాకపోతే ఇంకెవరికి తగ్గిస్తాను!”

“నాలుగేళ్ళు ఒక్క రోజు తప్పకుండా కట్టారు మీరు. ఆ బ్యాంకుకి మీరే లైబ్రరీ ఆవిడ అత్తయ్యా!”

ఆ మాటకి అత్తగారి మొహంలో ఏదో కదిలింది. భయమే... కానీ భయం పక్కన చిన్న ఆశ్చర్యం కూడా, పాత చొక్కా కుట్టు విప్పితే లోపల కొత్త రంగు కనిపించినట్టు!

ఫోన్ ముందు కోడలే చేసింది. కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళే మాట్లాడాలని మొదటి నిమిషంలోనే తేల్చి చెప్పేశారు అవతలివాళ్ళు. ‘అయితే ఇంకేం, వదిలెయ్’ అన్నారు అత్తగారు గబుక్కున. వదిలే రకమా ఈ పిల్ల! ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, తను కత్తిరింపు బల్లకి అవతల నిలబడి, ముక్కు పట్టుకుని గొంతు మార్చింది.

“నమస్కారం మేడమ్. మీకు ఏ విధంగా సహాయపడగలను?”

“ఏమీ వద్దమ్మా, మీరు బాగున్నారా?” అన్నారు అత్తగారు కంగారుగా.

“అత్తయ్యా!”

“మరేం అనమంటావే! ఊరికే ఫోన్ చేసి డబ్బు మాటెత్తితే బాగుంటుందా?”

ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నాలుగుసార్లు అలా ఆడాక అయిదోసారి అత్తగారు ఒక్క ఊపిరిలో చెప్పగలిగారు. ‘నాలుగేళ్ళుగా సకాలంలో కడుతున్నాను. నా రాబడి తగ్గింది. వడ్డీ తగ్గిస్తే మొత్తం తీర్చగలను. లేకపోతే తీర్చలేను.’

మధ్యాహ్నం రెండయింది. ఫోన్ స్పీకరు మీద పెట్టి బల్ల మధ్యలో ఉంచారు.

“క్షమించాలి మేడమ్, వడ్డీ తగ్గించే పద్ధతి మా దగ్గర లేదు,” అంది అవతల అమ్మాయి తీయగా.

“సరేనమ్మా, పరవాలేదు, ఉంటాను—” అంటూ అత్తగారు చెయ్యి చాచేలోపు కోడలు ఫోన్ని రెండు చేతులతో కప్పేసింది, కోడిపిల్లని కప్పినట్టు! సుద్ద తీసి గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాసింది: ‘పై అధికారితో మాట్లాడాలి’.

అత్తగారు ఆ అక్షరాలని చిన్నపిల్లలా కూడబలుక్కుని చదివారు. “పై... అధికారితో మాట్లాడాలమ్మా.”

ఫోన్‌లో పాట మోగింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఈ పాట ఎవరు పాడారో, వింటున్నవాళ్ళు విసుగెత్తి పెట్టేయాలనే ఇంత నెమ్మదిగా పాడించారేమోనని కోడలు ఆలోచిస్తూ ఉండగా ఒక మగగొంతు పలికింది.

“మేడమ్, మీ రికార్డు చూశాను. చాలా బాగుంది. కానీ ఏ కారణమూ లేకుండా తగ్గించలేం. ఈ అప్పు మొదట ఎందుకయిందో చెప్పగలరా? ఆసుపత్రి అని కనిపిస్తోంది. ఎవరికి?”

ఇది వాళ్ళు సాధన చేసుకోని ప్రశ్న. కోడలి చేతిలో సుద్ద ఊరుకుంది. ఏం రాయాలో తోచలేదు. అత్తగారు టేపు కొసని వేలికి చుట్టుకున్నారు, విప్పారు, మళ్ళీ చుట్టుకున్నారు.

“మా అబ్బాయికండీ,” అన్నారు. “వాడు లిఫ్టు గుంటలో పడ్డాడు. కాలు తీసేయాలన్నారు మొదట. డబ్బు కడితే ఆపరేషన్ చేసి నిలబెడతామన్నారు. కట్టాను. కంపెనీవాళ్ళు మొహం చాటేశారు. వాడికి మాత్రం కంపెనీయే కట్టిందని చెప్పానండీ. ఈ రోజుకీ వాడికి తెలీదు. నేను ఎవర్నీ ఏదీ అడిగినదాన్ని కాను... మీరే మొదటివారు. నా మిషన్లు ఈ సాయంత్రం పోతాయి. అవి ఉంటే మీ బాకీ తీరుస్తాను. పోతే కూడా తీరుస్తాను, కానీ తర్వాత నాకేం మిగలదు. అంతేనండీ నా కారణం.”

అవతల కీబోర్డు టకటక వినిపించింది. “మేడమ్... పన్నెండు నెలలపాటు వడ్డీ నెలకి నూటికి ఒకటిన్నర చొప్పున చేస్తున్నాను. కార్డు వాడకం ఆపేస్తాం. ఒక్క నెల తప్పినా పాత వడ్డీయే. ఏడాది దాటాక కూడా పాత వడ్డీయే. సమ్మతమేనా?”

“సమ్మతమేనండీ!” అని అరిచింది కోడలు, తను మాట్లాడకూడదన్న సంగతే మరిచిపోయి. ఫోన్ పెట్టేసి అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసి గిరగిరా తిప్పబోయింది. అత్తగారు కదల్లేదు. ఆవిడ కళ్ళు వీధి గుమ్మం మీద ఉన్నాయి.

గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు! పక్క వీధిలో పని ముగించుకుని భోజనానికి వచ్చినట్టున్నాడు. చేతిలో పనిముట్ల సంచి. ఎంతసేపట్నుంచి ఉన్నాడో... మొహం తెల్లగా పాలిపోయింది.

“కంపెనీ కట్టలేదా అమ్మా?”

“నాన్నా...”

“నాలుగేళ్ళుగా... కనిపించినప్పుడల్లా ఆ మేనేజరుకి లేచి దణ్ణం పెడుతున్నానే! వాడు కూడా ఊఁ అంటూ పుచ్చుకుంటున్నాడే! ఆదివారాలన్నీ వాడికి ధారపోశానే! పెట్టాల్సిన దణ్ణం ఇక్కడ, ఈ స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూంటే...” మాట పూర్తి కాలేదు. “నన్ను ఒక్క మాట అడగలేకపోయావా అమ్మా? కట్టు విప్పాకైనా? ఉద్యోగంలో మళ్ళీ చేరాకైనా? నేను పరాయివాడినా?”

సంచి అక్కడే వదిలేసి ఆయన బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు, వీపు ఇటు పెట్టి.

అప్పుడు ఏడ్చారు అత్తగారు. “అందుకే అడగకూడదే అమ్మడూ! అడిగితే ఇదే అవుతుంది. వాడి మనసు విరిచాను చూడు...”

కోడలు ఆవిడ తల నిమిరింది. తర్వాత కూర్చుని మళ్ళీ లెక్క వేసింది, ఈసారి నిదానంగా, పెదవి కొరుక్కుంటూ. అత్తగారు ఒక్కరే పాతలాగా నెలకి నాలుగు వేల నూట డెబ్భై కడితే, ఏడాదికి ఇంకా యాభై ఆరు వేలు మిగులుతుంది. అప్పుడు పాత వడ్డీ మళ్ళీ మొదలు! ఇంకొకరు అంతే కడితే మాత్రం... ఇంచుమించు ఏడాదిలో సున్నా. బాకీ లేదు, మిషన్లు ఉంటాయి, ఫ్యాక్టరీ లేదు.

“మా ఆయన్ని నేను అడగనా?” అంది.

“వద్దు!” అన్నారు అత్తగారు. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. “నువ్వడిగితే నీకు ఇస్తాడు. నాకు కాదు.”

నాలుగయింది. నాలుగున్నరయింది. ఆయన మెట్ల మీదనుంచి లేవలేదు, లోపలికి రాలేదు, పనికీ పోలేదు. కోడలు గుమ్మం దాకా వెళ్ళి, ఆ వంగిన వీపు చూసి, ఏం అనాలో తెలియక వెనక్కి వచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన ఆమెకి తెలియని మనిషిలా కనిపించాడు. ఆ దుఃఖంలో తనకి చోటు లేదని, అది తను పుట్టకముందు నుంచే కలిసి ఉన్న ఇద్దరి మధ్యదని, అర్థమైంది.

సరిగ్గా అయిదింటికి బండి చప్పుడైంది. వ్యాపారి మెట్ల మీది మనిషిని తప్పించుకుని లోపలికి వచ్చి, తాళ్ళు కింద పడేసి, పెద్ద మిషన్ బల్ల కింద చెయ్యి పెట్టాడు. “పట్టమంటారా అక్కా?”

అత్తగారు మిషన్ మీద అరచెయ్యి ఆనించారు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి ఆనిన చోట రంగు పోయి ఇనుము మెరుస్తోంది. “ఒక్క నిమిషమయ్యా,” అన్నారు. “ఒకర్ని అడిగి వస్తాను.”

కోడలు తలుపు పక్కన నిలబడింది. వినకూడదనే అనుకుంది. కానీ వింది!

అత్తగారు మెట్టు దిగి, కొడుకు వెనక నిలబడ్డారు.

“ఒరేయ్ నాన్నా... నాకో సాయం కావాలిరా.”

వీపు కదల్లేదు.

“నెలకి నాలుగు వేల నూట డెబ్భై. ఒక ఏడాది. నేనూ అంతే కడతాను. నేనొక్కదాన్నే కట్టలేను రా. చాలా రోజులయింది కట్టలేక.” ఆవిడ ఆగారు. ఊపిరి తీసుకున్నారు. “నీకు బరువైతే చెప్పు... కాస్త తగ్గిస్తాను.”

ఆయన భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనకనుంచి కోడలికి తెలియలేదు. రెండూ ఒకేసారి కాబోలు!

“తగ్గించకమ్మా,” అన్నాడు. “ఒక్కటి కూడా తగ్గించకు.”

కాలు చాచలేక చాచి, పక్కకి జరిగాడు. అత్తగారు ఆ ఇరుకు మెట్టు మీద కొడుకు పక్కన కూర్చున్నారు. ఆయన ఆవిడ చెయ్యి తీసుకుని, సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాడు, ఎప్పుడూ చూడనట్టు...

“ఏమమ్మా,” అన్నాడు లోపలనుంచి వ్యాపారి, నడుం పట్టుకుని. “ఇస్తున్నట్టా, లేనట్టా?”

“లేనట్టేనండీ!” అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ, పట్టలేని ఆనందంతో. “కూర్చోండి, టీ పెడతాను.”